మాటకు మూడవ చెవి

తాండూరులోని నాపరాళ్ళ వ్యాపారి ఒకరు వికారాబాదులో ఉన్న తన అన్నగారికి ఫోను చేసి, "అన్నా, పిల్లకు సంబంధం కుదిరింది. ఇప్పుడే ఎవరికీ చెప్పకు" అన్నాడని అనుకొందాము. రెండు ఊళ్ళకూ మధ్య రైలు దారిన సుమారు నలభై కిలోమీటర్లు. పలికినవాడు ఒకడు, విన్నవాడు ఒకడు. కావున అది నాలుగు చెవుల లోపలి మాట. మంతనం ఆరు చెవులలో పడితే చెడిపోవునని రాజనీతి తెలిసిన పెద్దలు ఏనాడో హెచ్చరించారు. కాని ఫోనులో పోయే మాట నోటినుండి నేరుగా చెవికి చేరదు. నడుమ అనేక యంత్రాల గుండా ప్రయాణం చేస్తుంది. ఆ దారిలో మూడవ మనిషి చెవి ఒగ్గగల తావులు ఏవి? అట్లా వినే అధికారం ఎవరికి ఉన్నది? ఆ అధికారానికి కాపలా ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలో ఉన్నది. తక్కిన రెండింటికి చట్టంలో వెదకవలెను.

ఈ దారివెంట వార్తలు పోవటం క్రొత్త సంగతి కాదు. సికిందరాబాదు నుండి వాడి వరకు నిజాం రైలుమార్గాన్ని 1874లో తెరచినారు. వికారాబాదు, తాండూరు రెండూ ఆ మార్గం మీదివే. రైళ్ళ రాకపోకలకు తంతి ప్రాణం వంటిది. తంతి వార్తలో దాపరికం అన్నది మొదటినుండీ లేదు. పంపే గుమాస్తా చదువుతాడు, అందుకొనే గుమాస్తా చదువుతాడు, చివరకు కాగితం మీద వ్రాసి తెచ్చి ఇస్తారు. ఆ గుమాస్తాల నోటి కట్టుబాటే దానికి తాళం. తరువాత వచ్చిన టెలిఫోనులో కూడా, చేతితో తీగలు కలిపే ఎక్స్ఛేంజిలు ఉన్నంతకాలం, ఆపరేటరు తలచుకొంటే ఏ సంభాషణనైనా వినవచ్చును. చిన్న ఊళ్ళలో ఎవరి ఇంటి సంగతి ముందుగా ఎవరికి తెలిసేదో వేరుగా చెప్పనక్కరలేదు.

పాత టెలిఫోనులో మాట పోయే తీరు సులభం. నోటి నుండి వచ్చే గాలి అలలు మైక్రోఫోనులోని పలుచని రేకును కదలిస్తాయి. ఆ కదలికకు అనుగుణంగా విద్యుత్ప్రవాహం హెచ్చుతూ తగ్గుతూ రాగితీగల జంటగుండా ప్రవహిస్తుంది. అవతలి వైపున ఆ ప్రవాహం మరొక రేకును కదలిస్తుంది. ఇక వినదలచినవాడు చేయవలసినది ఒక్కటే: స్తంభం మీదనో, పెట్టెలోనో ఆ జంట తీగలకు సమాంతరంగా ఇంకొక జంటను కలపడం. ఐతే ఒకే ప్రవాహం రెండు దారుల చీలినప్పుడు అసలు వినవలసినవానికి ధ్వని కొంత తగ్గవచ్చును; కలిపే సమయంలో 'టక్కు' మని చప్పుడు కావచ్చును. ఫోనులో చప్పుడు వస్తే ఎవరో వింటున్నారనే నమ్మకం ఆ కాలంలో పుట్టినదే.

ఇప్పుడు ఆ నమ్మకానికి ఆధారం లేదు. నేటి ఫోనులలో మాటను సంఖ్యలుగా మార్చి పంపుతున్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలలో స్థిరపడిన పద్ధతి ప్రకారం ధ్వని తరంగం ఎత్తును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 256 మెట్లలో ఒకదానిగా, అనగా ఎనిమిది ద్వ్యంకాలతో వ్రాస్తారు. ఆ లెక్కన ఒక్క సెకను మాట 64,000 సున్నలు, ఒకట్ల వరుస అవుతుంది. సెల్‌ఫోను ఈ వరుసను ఇంకా కుదించి పంపుతుంది. రాగితీగలోని ప్రవాహాన్ని పంచుకొంటే తగ్గుతుంది. సంఖ్యల వరుసకు నకలు తీస్తే మూలం వెంట్రుకవాసి కూడా తగ్గదు. నోటుపుస్తకంలోని లెక్కను ప్రక్క పిల్లవాడు చూసి వ్రాసుకొంటే మొదటి పుస్తకంలో సిరా తరిగిపోదు గదా! కనుక నేడు మూడవ చెవి ఉనికి మాట్లాడేవారికి ఏ చప్పుడు వలననూ తెలియదు.

సెల్‌ఫోను నుండి తాండూరులోని టవరు వరకు మాట రేడియో తరంగాల మీద పోతుంది. ఆ కొద్ది దూరం సంకేతలిపిలో కప్పి పంపుతారు, ఎందుకనగా రేడియో తరంగం ఎవరి పెరట్లోనైనా పడుతుంది. టవరు దాటి కంపెనీ యంత్రాలలోనికి చేరగానే మామూలు ఫోను సంభాషణకు ఆ కప్పు తొలగుతుంది. లైసెన్సు షరతుల ప్రకారం, చట్టబద్ధమైన ఉత్తర్వు వచ్చినప్పుడు సంభాషణకు నకలు తీసి అధికారులకు అందించే ఏర్పాటు ప్రతి కంపెనీ తన యంత్రాలలో ముందుగానే చేసి ఉంచవలెను. అనగా, నేడు వినడానికి స్తంభం ఎక్కే పని లేదు. ద్వారం కట్టేటప్పుడే ఉన్నది. దాని గడియ తీసేది కాగితం మీది సంతకం. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకొంటే తరువాతి కథ అంతా సులభంగా బోధపడుతుంది.

మాటను వినకుండానే తెలిసే సంగతులు వేరే ఉన్నవి. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు పరిధినుండి ఫోను చేశారు అన్న పట్టిక కంపెనీలలో తయారవుతూనే ఉంటుంది. 2021 డిసెంబరులో షరతులు మార్చి, దానిని కనీసం రెండేళ్ళు భద్రపరచవలెనన్నారు. పైకి ఇది పొడి లెక్క. కాని ఒక మనిషి ఒకే వారంలో మూడుసార్లు కాన్సరు ఆసుపత్రికి, ఒకసారి భీమా కంపెనీకి, రాత్రి పది దాటాక తన తమ్మునికి ఫోను చేశాడని తెలిస్తే, వారేమి మాట్లాడుకొన్నారో వినవలసిన అవసరం ఉన్నదా? విచిత్రమేమనగా, మాట వినడానికి రాష్ట్ర హోం కార్యదర్శి సంతకం కావలెను. ఈ పట్టిక తెప్పించుకోవడానికి అంత పై అధికారి ఉత్తర్వు అక్కరలేదు.

మాటను దారిలో ఎవరూ వినకుండా ఆపలేము అన్నప్పుడు దానిని కాపాడే ఉపాయం ఏమి? దీనికి జవాబు వికారాబాదు ప్రక్కనే, దామగుండం అడవిలో ఉన్నది. నౌకాదళం వారి రేడియో ప్రసారకేంద్రానికి అక్కడ 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. సుమారు 2,900 ఎకరాల అటవీభూమిని దానికి ఇచ్చినందుకు ఆ ప్రాంతంలో అభ్యంతరాలు వచ్చినవి. ఆ చర్చ వేరు. ఇది అతి తక్కువ పౌనఃపున్యం గల, అనగా సెకనుకు 3,000 మొదలు 30,000 కంపనాలు గల తరంగాలను ప్రసారం చేయడానికి ఉద్దేశించిన కేంద్రం. వీటి తరంగదైర్ఘ్యం పది మొదలు నూరు కిలోమీటర్లు. ఇంత దీర్ఘమైన తరంగాలు మాత్రమే ఉప్పునీటిలోనికి పది, ఇరవై మీటర్ల లోతు దిగి జలాంతర్గాములను చేరగలవు. ఐతే ఇవే తరంగాలు వేల కిలోమీటర్లు వ్యాపిస్తాయి. తగిన గ్రాహకయంత్రం ఉంటే శత్రుదేశం కూడా నిరాటంకంగా పట్టుకొనవచ్చును. నౌకాదళాలు దీనికి భయపడవు. తరంగం అందరిది, అర్థం మాత్రం తాళపుచెవి ఉన్నవానిది. సందేశాన్ని సంకేతలిపిలో పంపుతారు కనుక పట్టుకొన్నవానికి అర్థంలేని అంకెలు తప్ప మరేమీ దొరకదు.

నౌకాదళం తాళపుచెవులను ముందుగానే జలాంతర్గామిలో పెట్టి పంపగలదు. తాండూరు వ్యాపారి, ఆయన అన్నగారు ఏమి చేయవలెను? తాళపుచెవిని కూడా ఫోనులోనే పంపితే మూడవవాడు దానినీ తీసుకొంటాడు. ఈ చిక్కును 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు విడదీసిన తీరు గణిత ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్ల మీద చేసి చూపదగినది.

17, 3 అను రెండు సంఖ్యలను అందరి ఎదుటనే ఒప్పుకొంటారు. తాండూరువాడు మనసులో 6 అనుకొంటాడు, ఎవరికీ చెప్పడు. 3ను ఆరుసార్లు వేసి గుణించగా 729. దానిని 17తో భాగించగా శేషం 15. ఈ 15ను బాహాటంగా పంపుతాడు. వికారాబాదువాడు మనసులో 7 అనుకొంటాడు. 3ను ఏడుసార్లు వేసి గుణించగా 2,187. 17తో భాగించగా శేషం 11. ఈ 11ను బాహాటంగా పంపుతాడు. ఇప్పుడు తాండూరువాడు తనకు వచ్చిన 11ను ఆరుసార్లు వేసి గుణిస్తాడు: 17,71,561. దానిని 17తో భాగిస్తే శేషం 8. వికారాబాదువాడు తనకు వచ్చిన 15ను ఏడుసార్లు వేసి గుణిస్తాడు: 17,08,59,375. దానిని 17తో భాగిస్తే శేషం మళ్ళీ 8! ఇద్దరికీ ఒకే తాళపుచెవి దొరికినది. అది దారిలో ఎక్కడా ప్రయాణం చేయలేదు. నడుమ విన్నవానికి 17, 3, 15, 11 మాత్రమే తెలుసు. ఇంత చిన్న సంఖ్యలైతే వాడు ఒక్కొక్కటే వేసి చూసి 6నో 7నో పట్టుకొంటాడు. అసలు వాడుకలో 17 స్థానంలో ఆరువందలకు పైగా అంకెలు గల ప్రధానసంఖ్యలు ఉంటాయి. అప్పుడు వేసి చూడటానికి నేటి కంప్యూటర్ల ఆయుష్షు చాలదు. నేడు వాట్సాప్ వంటి వాటిలో పోయే మాటలు ఈ జాతి గణితంతోనే, ఫోనునుండి ఫోనువరకు కప్పబడి పోతున్నవి.

తాళం బలమైనదని తెలిసిన దొంగ గోడకు కన్నం వేస్తాడు. సంకేతలిపి దారిని కాపాడగలదు గాని, చెవి దగ్గరి ఫోనును కాపాడలేదు. మాట కప్పబడక ముందే ఫోనులో దూరి వినే గూఢసాధనాలు వచ్చినవి. ఇస్రాయేలు కంపెనీ తయారు చేసిన పెగాసస్ వాటిలో పేరుపడినది. భారతదేశంలో పలువురి ఫోనులు దాని గురిలో ఉన్నవని 2021 జూలైలో వార్తలు రాగా, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వం వహించిన సుప్రీంకోర్టు ధర్మాసనం అక్టోబరు 27న నిపుణుల సంఘాన్ని నియమించినది. ఆ సంఘం పరీక్షించిన 29 ఫోనులలో ఐదింటిలో హానికర సాధనం కనిపించినది. అది పెగాసస్ అని మాత్రం నిర్ధారణ కాలేదు. కేంద్ర ప్రభుత్వం విచారణకు సహకరించలేదని సంఘం చెప్పినట్లు 2022 ఆగస్టులో ధర్మాసనమే వెల్లడించినది.

ఇక చట్టం సంగతి. వినే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన మూల శాసనం 1885 నాటి టెలిగ్రాఫు చట్టం. ప్రజా అత్యవసర పరిస్థితి ఉన్నప్పుడు, లేదా ప్రజల భద్రత కొరకు, దేశ సార్వభౌమత్వం, రాజ్యభద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, నేర ప్రేరేపణ నివారణ అనే కారణాలలో ఏదో ఒకటి ఉంటేనే వినవచ్చునని దాని 5వ సెక్షను చెప్పినది. ఆ చట్టం తన పేరింటి సేవకంటె ఎక్కువకాలం బ్రతికినది! టెలిగ్రాఫు సేవ 2013 జూలైలో మూతబడినది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం 2024 జూన్ 26 నుండి ఆ అధికారాన్ని ఇంచుమించు అవే మాటలలో అందుకొన్నది.

అధికారం వ్రాసిన శాసనకర్తలు పౌరుని హక్కును గూర్చి ఎక్కడా వ్రాయలేదు. రాజ్యాంగంలోనూ 'ఏకాంతం' అనే మాట కనిపించదు. దానిని వెదకి పైకి తీసినవారిలో మొదటివారు రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఖరక్‌సింగ్ అనే వ్యక్తిపై నిఘా పెట్టి, రాత్రివేళ తలుపు తట్టి, ఎక్కడికి పోయినా వెంటాడుతూ ఉండగా ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల తీర్పు వచ్చినది. రాత్రి సోదాలు చెల్లవని అందరూ అన్నారు. కాని వెంటాడటంలో తప్పు లేదనీ, ఏకాంతం ప్రాథమిక హక్కు కాదనీ నలుగురు అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతోపాటు షా గారు విభేదించారు. ఏకాంతం అన్నది వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, వెనుక ఒక కన్ను ఉన్నదని ఎరిగిన మనిషి నడక స్వేచ్ఛగల నడక కాదనీ సుబ్బారావు గారి అభిప్రాయం. ఆయన 1966లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు గాని ఈ విషయంలో ఆయన మాట అల్పసంఖ్య మాటగానే మిగిలినది. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఏకాంతం ప్రాథమిక హక్కేనని చెప్పి, సుబ్బారావు గారి మార్గమే సరియైనదన్నారు. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లాకు చెందిన చలమేశ్వర్ గారు ఒకరు. యాభైనాలుగేళ్ళు పట్టినది.

ఈ రెంటి నడుమ ఫోను సంభాషణల గురించి వేరుగా ఒక తీర్పు వచ్చినది. కాకతాళీయంగా అది కూడా డిసెంబరు 18వ తేదీనే, 1996లో. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు, ఫోను వినడం ఏకాంత హక్కుకు భంగమేనని చెప్పి కొన్ని కట్టుబాట్లు విధించినది. 2007లో అవి టెలిగ్రాఫు నిబంధనలలో 419-ఎ గా చేరినవి. 2024 డిసెంబరులో వచ్చిన క్రొత్త నిబంధనలు చాలవరకు వాటినే అనుసరించినవి. ఉత్తర్వు కేంద్రంలోనైతే కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలోనైతే రాష్ట్ర హోం కార్యదర్శి ఇవ్వవలెను. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది. పొడిగించినా 180 రోజులు మించరాదు. అత్యవసరమైతే పోలీసు ఉన్నతాధికారి ముందుగా మొదలుపెట్టవచ్చును గాని, ఏడు పనిదినాలలో పై ఆమోదం రాకపోతే ఆపివేయవలెను. ఉత్తర్వులను ముగ్గురు కార్యదర్శుల సమీక్షాసంఘం రెండునెలల కొకసారి పరిశీలించవలెను. అక్కరతీరిన రికార్డులను ఆరునెలల కొకసారి నాశనం చేయవలెను. ఈ 419-ఎ నిబంధనలు అలంకారానికి కావనీ, తప్పక పాటించవలసినవనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒక కేసులో చెప్పియున్నది.

ఇంత వ్రాత ఉన్న తరువాత హైదరాబాదులో ఏమి జరిగినదని ఆరోపణ? 2024 మార్చి 10న పంజాగుట్ట పోలీసుస్టేషనులో ఒక కేసు నమోదైనది. మావోయిస్టుల కదలికలపై నిఘా వేయడానికి ఏర్పడిన రాష్ట్ర పోలీసుల ప్రత్యేక ఇంటెలిజెన్సు విభాగంలో కొందరు అధికారులు, 2023 శాసనసభ ఎన్నికల ముందు ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, పత్రికలవారు మొదలైనవారి ఫోనులు విన్నారనీ, డిసెంబరు 3న ఫలితాలు వెలువడిన మరునాటి రాత్రి హార్డుడిస్కులను ధ్వంసం చేశారనీ ప్రాసిక్యూషను వాదం. ఒక న్యాయమూర్తి సమాచారం సైతం సేకరించారని వార్తలు రాగా 2024 జూనులో తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టినది. ఆ విభాగం మాజీ అధిపతి సహా పలువురు పోలీసు అధికారులు నిందితులు. ఇవి ఆరోపణలు, నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. కాని కేసు ఎట్లా తేలినా ఒక సంగతి గమనింపదగినది. దర్యాప్తువారి కథనం ప్రకారం, అనేక ఫోను నంబర్లు మావోయిస్టులతో సంబంధమున్న వారివన్న పేరిట ఆమోదం పొందినవి. అదే నిజమైతే, ఎవరూ గోడ దూకలేదు. ద్వారం గుండానే, సంతకం ఉన్న కాగితంతోనే లోనికి వచ్చారు.

తాండూరు పేరు కూడా ఇటువంటి చర్చలోనికి ఒకసారి వచ్చినది. 2022 అక్టోబరు 26న మొయినాబాదు దగ్గరి ఒక తోటయింట్లో శాసనసభ్యులను పార్టీ మార్పించే ప్రయత్నం జరిగినదంటూ, అప్పటి తాండూరు శాసనసభ్యుడు పైలట్ రోహిత్ రెడ్డి ఫిర్యాదు చేశారు. పోలీసులు అక్కడ రహస్య కెమెరాలు ముందే అమర్చియుంచారు. మాట్లాడేవారిలో ఒకరికి తెలిసి జరిగిన రికార్డు కనుక ఇది ఫోను వినడం వంటిది కాదు. కాని దర్యాప్తులో ఉండవలసిన ఆ దృశ్యాలను నవంబరు 3న ముఖ్యమంత్రి విలేకరుల ఎదుట ప్రదర్శించారు. దర్యాప్తు సామగ్రి బయటికి పోవటం కూడా ఒక కారణంగా చూపి, హైకోర్టు డిసెంబరు 26న కేసును సి.బి.ఐ.కి అప్పగించినది. రికార్డు చేయడానికి ఎవరి అనుమతి అన్నది ఎంత ముఖ్యమో, చేసిన రికార్డు ఎవరి బీరువాలో ఉంటుందన్నది అంతే ముఖ్యమని ఈ ఉదంతం వలన తెలుస్తున్నది.

అన్ని ప్రభుత్వాలకూ ఈ రుచి తెలిసినదే. కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోనులు విన్న వివాదంలో 1988లో పదవి వదులుకొన్నారు. ఉత్తరాలు తెరచి చూసే అధికారాన్ని పెంచుతూ 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లుపై రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం చేయలేదు. పార్టీల పేర్లు మారుతూ ఉంటాయి, గడియ అక్కడే ఉంటుంది.

ఇతర దేశాలలో ఆ గడియకు రెండవ చేయి కూడా ఉన్నది. అమెరికాలో 1968 చట్టం ప్రకారం నేర దర్యాప్తులో ఫోను వినవలెనంటే న్యాయమూర్తి ఉత్తర్వు కావలెను. విన్న తరువాత సాధారణంగా 90 రోజులలో ఆ మనిషికి తెలియజేయవలెను. బ్రిటనులో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం చేసినదానిని న్యాయకమిషనరు ఒకరు కూడా ఒప్పుకోవలెను. మన దేశంలో అడిగేది పోలీసు అధికారి, ఒప్పుకొనేది కార్యదర్శి, సమీక్షించేది మరి ముగ్గురు కార్యదర్శులు.

ఆ సమీక్ష ఎట్లా జరుగుతుందో ఐదవ తరగతి లెక్కగా వేసి చూడవచ్చును. కేంద్ర ప్రభుత్వం ఒక్కటే నెలకు 7,500 నుండి 9,000 వరకు ఉత్తర్వులు ఇస్తున్నదని సమాచారహక్కు ద్వారా తెలిసిన లెక్కను 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘం తన నివేదికలో ఉదాహరించినది. రెండునెలల కొకసారి కూర్చొనే సమీక్షాసంఘం ముందు ప్రతిసారీ 15,000 నుండి 18,000 ఉత్తర్వులు ఉంటాయన్నమాట. ఒక్కొక్క దానికి ఒక్క నిమిషం కేటాయించినా, 18,000 నిమిషాలు. అనగా 300 గంటలు. రోజుకు ఎనిమిది గంటల వంతున 37 రోజులన్నర. సంఘంలోని ముగ్గురిలో ఒకరు కేబినెట్ కార్యదర్శి; దేశ పరిపాలన అంతా ఆయన బల్ల మీద ఉంటుంది. తాండూరు వ్యాపారి నంబరు ఆ పద్దెనిమిదివేలలో పొరపాటున చేరినదనుకొంటే, దానిని ఎత్తి చూపగలవాడు ఆయన ఒక్కడే. ఆయనకు మాత్రం, అప్పుడు గాని తరువాత గాని, ఆ సంగతి చెప్పవలెనన్న నిబంధన లేదు.